మీ ఊరి కౌన్సిల్ లాంఛనాన్ని చదవడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఏ ఊరికి వెళ్లినా టౌన్ హాల్ గుమ్మం పైన, పాత లైబ్రరీ గోడ మీద, వంతెన ఇనుప కటకటాల మీద ఒక డాలు బొమ్మ కనిపిస్తుంది. డాలులో గీతలు, జంతువులు. దాని పైన ఒక శిరస్త్రాణం. అటూ ఇటూ దాన్ని పట్టుకుని నిలబడ్డ రెండు మృగాలు. అడుగున రిబ్బను మీద ఎక్కువగా లాటిన్‌లో ఒక మాట. అదే ఆ ఊరి కౌన్సిల్‌కి దక్కిన కోట్ ఆఫ్ ఆర్మ్స్. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను దాన్ని గోడకి అలంకారం అనుకుని నాలుగేళ్లు పట్టించుకోలేదు. చదవడం వచ్చాక మాత్రం ఏ ఊరికి వెళ్లినా ముందు తలెత్తి దాన్నే వెతుక్కుంటున్నాను. ఒక ఊరు తన గురించి తాను ఏం చెప్పుకోవాలనుకుందో అంత తక్కువ చోటులో ఇంకెక్కడా దొరకదు.

మనకి ఈ పద్ధతి కొత్తదేం కాదు. వరాహం, సూర్యచంద్రులు, కత్తి కలిసిన విజయనగర లాంఛనం మన గుళ్లలో చూసినదే. కాకతీయులదీ వరాహ లాంఛనమే. అందుకే కోట్ ఆఫ్ ఆర్మ్స్‌ని ఇకపై లాంఛనం అనే అంటాను. ఇక చదవడం ఎలాగో చూద్దాం.

ముందు బొమ్మను వదిలి, మాటలు పట్టుకోండి

చాలామంది తడబడేది ఇక్కడే. లాంఛనం అంటే బొమ్మ అనుకుంటాం. నిజానికి అది ఒక వాక్యం. బ్లేజన్ అంటారు దాన్ని. డాలు నేల ఏ రంగు, దాని మీద ఏముంది, ఎక్కడుంది, ఎలా నిలబడింది అని వరసగా చెప్పే వర్ణన. లండన్‌లో 1484 నుంచి ఉన్న కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఒక ఊరికి లాంఛనం మంజూరు చేసిందంటే ఆ వర్ణనను మంజూరు చేసినట్టే. ఆ వర్ణన తప్పకుండా ఏ చిత్రకారుడు ఎలా గీసినా అది సరైన లాంఛనమే. సింహం జూలు ఒత్తుగా ఉందా, పలచగా ఉందా అన్నది గీసేవాళ్ల ఇష్టం.

మన దేవతా విగ్రహాలకి ధ్యాన శ్లోకం ఎలాగో దీనికి బ్లేజన్ అలాగ. ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం, ఏ వాహనం అన్నది శ్లోకం చెబుతుంది. స్థపతి చెక్కుతాడు. రెండు గుళ్లలో రెండు విగ్రహాలు ఒకేలా ఉండవు, అయినా రెండూ ఆ దేవుడే. ఈ పోలిక తట్టాకే నాకు లాంఛనాల చదువు ఒక్కసారిగా తేలికైంది.

కాబట్టి మొదటి పని మీ కౌన్సిల్ బ్లేజన్ సంపాదించడం. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మేయర్ గురించి రాసిన పేజీల్లో చాలాసార్లు ఉంటుంది. లేకపోతే పెద్ద లైబ్రరీలో లోకల్ స్టడీస్ అనే విభాగం ఉంటుంది, అక్కడి వాళ్లని అడగండి. మేయర్ ఆఫీసుకి మర్యాదగా ఒక మెయిల్ రాసినా పని జరుగుతుంది. కొన్ని టౌన్ హాళ్లలో అసలు మంజూరు పత్రాన్నే ఫ్రేము కట్టించి గోడకి పెడతారు.

మీ కౌన్సిల్ ఉత్తరాల మీద ఉండే రంగుల లోగో వేరు, లాంఛనం వేరు. లోగో ఎప్పుడైనా మార్చుకుంటారు. లాంఛనం మేయర్ మెడలోని గొలుసు మీద, పాత కట్టడాల మీద, పెద్ద సందర్భాల్లో కనిపిస్తుంది.

దొరికిన బ్లేజన్‌లో చాలా మాటలు పాత ఫ్రెంచి నుంచి వచ్చినవే ఉంటాయి. భయపడకండి, తెలుగులోకి మార్చుకుంటే ఇట్టే లొంగుతుంది. ఆక్స్‌ఫర్డ్ నగరానిది నేను ఇలా రాసుకున్నాను: "వెండి నేల. అడుగున నీలం తెలుపు అలల రేవు. ఆ రేవు దాటుతున్న ఎర్రని ఎద్దు. దాని కొమ్ములూ గిట్టలూ బంగారం." అంతే, డాలు మొత్తం అయిపోయింది.

కుడి ఎడమలు తిరగేసుకోండి

బ్లేజన్‌లో డెక్స్టర్ అంటే కుడి, సినిస్టర్ అంటే ఎడమ. కానీ ఎవరి కుడి? డాలును పట్టుకుని వెనక నిలబడ్డ మనిషి కుడి. ఎదురుగా నిలబడి చూసే మనకి అది ఎడమ. రంగస్థలం మీద నటుడి కుడిచేయి ప్రేక్షకులకి ఎడమ పక్క కనిపించినట్టే. నేను ఒకసారి పదిమందిని వెంటబెట్టుకుని ఊరు చూపిస్తూ, మొత్తం లాంఛనాన్ని అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు తారుమారు చేసి వివరించాను. వాళ్లలో ఒక పెద్దావిడ నెమ్మదిగా నా మోచెయ్యి పట్టుకుని సరిచేసింది. అప్పటినుంచి కాగితం మీద డాలు గీసుకుని, నాకు ఎడమవైపున 'కు' అని రాసుకున్నాకే చదువుతున్నాను. మీరూ అలాగే చేయండి.

వర్ణన ఎప్పుడూ ఒకే వరసలో సాగుతుంది. ముందు నేల రంగు, తర్వాత దాని మీద ముఖ్యమైన బొమ్మ, తర్వాత చుట్టూ ఉన్న చిన్నవి, చివరికి డాలు పై అంచున ఉండే పట్టీ. ఆ పట్టీని చీఫ్ అంటారు. డాలు అయ్యాక శిరస్త్రాణం మీది క్రెస్ట్, పక్కన నిలబడే సపోర్టర్లు, నినాదం.

రంగులు చూడండి, కానీ వాటికి అర్థాలు అంటగట్టకండి

పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. ఆర్ అంటే బంగారం, పసుపులో వేసినా సరే. ఆర్జెంట్ వెండి, తెలుపులో వేస్తారు. ఈ రెండూ లోహాలు. గ్యూల్స్ ఎరుపు, అజూర్ నీలం, వర్ట్ ఆకుపచ్చ, సేబుల్ నలుపు. ఊదా రంగు కూడా ఉంది కానీ అరుదు. లోహం మీద లోహం వేయకూడదు, రంగు మీద రంగు వేయకూడదు అన్నది పాత సూత్రం. కారణం సూటిగా ఉంది. యుద్ధంలో దూరం నుంచి చూసేవాడికి తెల్ల డాలు మీద పసుపు బొమ్మ కనపడదు. మన ఆర్టీసీ బస్సు బోర్డు రాసేవాళ్లు కూడా తెలుపు మీద పసుపు రాయరు కదా.

ఇంటర్నెట్‌లో "ఎరుపు అంటే శౌర్యం, నీలం అంటే విధేయత, ఆకుపచ్చ అంటే ఆశ" అని పట్టికలు తిరుగుతుంటాయి. వాటిని నమ్మకండి. లాంఛనాల్లో రంగులకి అలాంటి కట్టుబడి అర్థాలు లేవు. ఒక ఊరి డాలు ఎర్రగా ఉందంటే చాలాసార్లు దానర్థం ఆ ఊరి పాత జమీందారు డాలు ఎర్రగా ఉండేదని. అర్థం కావాలంటే ఆ ఊరి చరిత్రలో వెతకాలి.

రాతి మీద చెక్కిన లాంఛనానికి రంగు ఉండదు, అప్పుడెలా అంటారా? దగ్గరికి వెళ్లి నేలను జాగ్రత్తగా చూడండి. సన్నని గీతలు కనిపించవచ్చు. 17వ శతాబ్దంలో స్థిరపడిన గుర్తులవి. చుక్కలుంటే బంగారం, ఖాళీగా ఉంటే వెండి. నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం. ఏటవాలు గీతలు ఆకుపచ్చ, నిలువూ అడ్డం కలిసిన గళ్లు నలుపు. అన్ని చోట్లా చెక్కరు, కానీ చెక్కినచోట నల్లబడిపోయిన రాయి కూడా తన రంగు చెప్పేస్తుంది. మొదటిసారి ఒక పాత బ్యాంకు గోడ మీద ఆ నిలువు గీతల్ని వేలితో తడిమి, ఇది ఎరుపు అని నాకు నేనే చెప్పుకున్నప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

జంతువుల భంగిమల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వెనక కాళ్ల మీద లేచి పంజా విసిరితే ర్యాంపెంట్. ఒక కాలెత్తి నడుస్తుంటే పాసెంట్. ముఖం మనవైపు తిప్పితే గార్డెంట్. ఎగురుతుంటే వోలెంట్. ఈ నాలుగూ వస్తే చాలావరకు సరిపోతుంది.

ఊరి పేరును పైకి పలకండి

బొమ్మ అర్థం కాకపోతే ఊరి పేరు పలికి చూడండి. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. ఇంగ్లిషులో ఆక్స్ అంటే ఎద్దు, ఫర్డ్ అంటే రేవు. రేవు దాటే ఎద్దే ఆ నగరపు లాంఛనం. హర్ట్‌ఫర్డ్‌షైర్ వాళ్లది హార్ట్, అంటే మగ దుప్పి. బ్లాక్‌బర్న్ ఇంకా చమత్కారం. బర్న్ అంటే వాగు. డాలు మధ్యలో అలలుగా పోయే నల్లని పట్టీ ఉంటుంది, అదే నల్లవాగు. దాని చుట్టూ మూడు తేనెటీగలు. లివర్‌పూల్ లాంఛనంలో నీటికాకి ముక్కున పట్టుకున్న నాచుని లేవర్ అంటారు, అది ఊరి పేరు మీద ఆట. శ్లేషను ఇష్టపడే మన భాషవాళ్లకి ఈ మెట్టు అన్నిటికంటే తొందరగా వస్తుంది.

నీలం తెలుపు అలలు ఎక్కడ కనిపించినా అది నీరు. నది, రేవు, ఓడరేవు, ఒక్కోసారి ఊరి బావి. వెంటనే మ్యాప్ తెరిచి అక్కడ ఏ నది ఉందో చూడండి.

తేదీ చూడకుండా ఏ కథా నమ్మకండి

ఇదొక్కటి మాత్రం బాగా అలవాటు చేసుకోండి. ఒక గుర్తు గురించి ఎవరైనా కథ చెబితే, లాంఛనం మంజూరైన ఏడాదిని ఆ కథ జరిగిన ఏడాది పక్కన పెట్టండి.

మాంచెస్టర్ నగరపు లాంఛనాన్ని తీసుకోండి. ఎర్రని నేల మీద ఏటవాలుగా మూడు బంగారు పట్టీలు. అవి ఒకప్పుడు ఆ ఊరికి ప్రభువులైన గ్రెల్లీ కుటుంబానివి. పైన వెండి చీఫ్‌లో తెరచాపలెత్తిన ఓడ. ఆ ఓడ చూడగానే మాంచెస్టర్ షిప్ కెనాల్ గుర్తొస్తుంది, చాలామంది అదే చెబుతారు కూడా. కానీ లాంఛనం మంజూరైంది 1842లో. కాలువ తెరుచుకున్నది 1894లో. యాభై ఏళ్ల తర్వాత వచ్చిన కాలువ ముందే డాలెక్కదు కదా. సముద్రానికి దూరంగా ఉన్న ఆ ఊరు ఓడ బొమ్మ పెట్టుకున్నది తన వ్యాపారం ప్రపంచమంతా సాగుతోందని చెప్పుకోవడానికి.

అదే మాట క్రెస్ట్ ఇంకా గట్టిగా చెబుతుంది. శిరస్త్రాణం మీద భూగోళం, దాని మీద ఎగురుతున్న తేనెటీగలు. తేనెటీగ శ్రమకి గుర్తు. మిల్లుల్లో పగలూ రాత్రీ పనిచేసిన ఊరు భూమి మొత్తాన్ని తన తేనెటీగలతో కప్పుకుంది. ఆ మిల్లుల బట్ట మన దేశానికి వచ్చి మన చేనేత మగ్గాలని ఏం చేసిందో తెలిసినవాళ్లం మనం. ఆ భూగోళం ముందు నిలబడితే నాకు శ్రమ మీద గౌరవం, మన నేతగాళ్ల మీద దుఃఖం రెండూ కలుగుతాయి. ఈ రెండూ ఆ బొమ్మలో ఉన్నాయనే అనుకుంటాను. 2017లో ఆ ఊళ్లో బాంబు దాడి జరిగినప్పుడు జనం ఆ తేనెటీగనే పచ్చబొట్టుగా పొడిపించుకున్నారు. లాంఛనంలోని గుర్తు జనం ఒంటి మీదికి రావడం అంత తరచుగా జరిగేది కాదు.

పక్కన నిలబడ్డ సింహం నెత్తిన కోట బురుజుల్లాంటి కిరీటం చూడండి. దాన్ని మ్యూరల్ క్రౌన్ అంటారు. గోడల కిరీటం, అంటే నగరానికి గుర్తు. ఎన్నో కౌన్సిళ్ల లాంఛనాల్లో ఏదో ఒక మూల ఇది ఉంటుంది. రెండు జంతువుల భుజాల మీదా ఉన్న ఎర్ర గులాబీ అప్పట్లో ఆ ఊరున్న లాంకషైర్ కౌంటీది. యార్క్‌షైర్ అయితే తెల్ల గులాబీ.

లండన్ సిటీ డాలులో మూలన ఉన్న ఎర్ర కత్తి విషయంలోనూ ఇదే జరిగింది. 1381 రైతుల తిరుగుబాటులో నాయకుడు వాట్ టైలర్‌ని పొడిచిన మేయర్ బాకు అని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. కత్తి ఆ తిరుగుబాటుకి ముందునుంచే ఉంది. అది ఆ నగరాన్ని కాపాడే సెయింట్ పాల్ కత్తి.

సాధువుల కథలు అడగండి

పాత ఊళ్లకి ఒక సాధువు ఉంటాడు, ఆయన కథే డాలు మీదికి ఎక్కుతుంది. స్కాట్లండ్‌లో గ్లాస్గో లాంఛనంలో చెట్టు, పిట్ట, గంట, నోట ఉంగరం పట్టుకున్న సాల్మన్ చేప ఉంటాయి. అన్నీ సెయింట్ ముంగో కథలవే.

ఆ చేప కథ వినండి. రాజు ఇచ్చిన ఉంగరాన్ని రాణి వేరొకరికి ఇచ్చింది. రాజుకి తెలిసి ఆ ఉంగరాన్ని నదిలో పారేశాడు, తర్వాత ఏమీ ఎరగనట్టు ఉంగరం చూపించమని రాణిని నిలదీశాడు. ఆమె సాధువును శరణు వేడింది. ఆయన నదికి మనిషిని పంపి చేపను పట్టించాడు, దాని కడుపులో ఉంగరం దొరికింది. రాణి ప్రాణం నిలిచింది. నేను ఈ కథ మా అమ్మకి ఫోన్‌లో చెబుతుంటే సగంలోనే "శకుంతల ఉంగరం కదరా ఇది" అంది. అక్కడ శాపం, ఇక్కడ అనుమానం. చేప మాత్రం రెండు చోట్లా ఒకటే పని చేసింది. గ్లాస్గో సపోర్టర్లు కూడా రెండు సాల్మన్ చేపలే, రెండింటి నోళ్లలోనూ ఉంగరాలే.

మనకి తెలిసిన బొమ్మ కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా ఉండండి

కోవెంట్రీ డాలు సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. మధ్యలో వీపున కోటను మోస్తున్న ఏనుగు. దాన్ని చూసిన మొదటి రోజు, మన దేశాన్ని ఏలినప్పుడు తెచ్చుకున్నదే అని నేను గట్టిగా నమ్మాను. పూర్తిగా తప్పు. ఆ ఏనుగు మధ్యయుగాల నాటి నగర ముద్ర మీదే ఉంది. ఆ ఊరికి సొంత పాలన హక్కు వచ్చింది 1345లో, ఇంగ్లిషువాళ్లు మన తీరం చేరడానికి రెండున్నర శతాబ్దాలు ముందు. అప్పటి యూరప్ జంతు కథల్లో ఏనుగు బలానికి గుర్తు, డ్రాగన్‌కి శత్రువు. మనకి తెలిసిన గుర్తు కనిపించగానే మన అర్థం దాని మీద పెట్టేస్తాం, అక్కడ ఒక్క క్షణం ఆగాలి.

డాలు బయట ఉన్నవి తరచుగా తర్వాత చేరినవి. కోవెంట్రీకి సపోర్టర్లు 1959లో వచ్చాయి. ఒకటి లియోఫ్రిక్ ప్రభువు నల్ల డేగ. ఆయన భార్యే ఆ ఊరి కథల్లో పేరున్న గొడైవా. రెండోది మంటల్లోంచి లేచే ఫీనిక్స్. 1940 నవంబరులో ఒక్క రాత్రి బాంబుదాడిలో ఊరి నడిబొడ్డు కాలిపోయింది. ఆ ఊరు మళ్లీ లేచి నిలబడటమే ఆ పక్షి. ఒకే లాంఛనంలో ఆరు శతాబ్దాల దూరం ఉంది. అందుకే డాలుకి ఒక తేదీ, పక్కన ఉన్నవాటికి ఇంకో తేదీ విడివిడిగా రాసుకోండి.

లండన్ చుట్టుపక్కల ఉంటే విలీనాలు కూడా చూసుకోవాలి. 1965లో లండన్ బరోలు, అంటే అక్కడి స్థానిక కౌన్సిళ్లు, 1974లో మిగతా ఇంగ్లండ్ కౌన్సిళ్లు కలిపి కొత్తగా కట్టారు. కలిసిన ఊళ్ల గుర్తుల్లోంచి తలా ఒకటి తీసి కొత్త డాలు చేసినవి చాలా ఉన్నాయి. ఎర్ర నేల మీద మూడు వంపు కత్తులు కనిపిస్తే అవి సాక్సన్లనే పాత తెగవాళ్లు వాడిన సీక్స్ అనే కత్తులు, ఎసెక్స్ కౌంటీవి. వాటి పైన కిరీటం కూడా ఉంటే మిడిల్‌సెక్స్. ఆ కౌంటీ కౌన్సిల్ 1965లోనే రద్దయినా, దాని గుర్తులు పశ్చిమ లండన్‌లో పాత కట్టడాల మీద ఇంకా ఉన్నాయి.

వాడే ముందు అనుమతి అడగండి

లాంఛనం ఊరి జనం అందరిదీ అనిపిస్తుంది కానీ చట్టం ప్రకారం కౌన్సిల్‌ది. మా తెలుగు సంఘం వాళ్లం ఒక ఉగాదికి ఆహ్వాన పత్రిక మీద ఊరి మీద ప్రేమతో దాన్ని అచ్చు వేశాం. రెండు వందల కార్డులు పంచేశాక కౌన్సిల్ నుంచి మెయిల్ వచ్చింది, కార్యక్రమాన్ని తామే జరుపుతున్నట్టు అర్థం వస్తోందని. చెడ్డ టెన్షన్ పడ్డాం. మిగిలిన కార్డులన్నీ మళ్లీ వేయించాం. వాళ్లన్నదే న్యాయం.

ఇది చిన్న విషయం కాదని తెలియాలంటే 1954 కేసు చూడాలి. మాంచెస్టర్‌లో ఒక నాటకశాల నగర లాంఛనాన్ని తెర పైభాగంలో పెట్టుకుంది, తన సంస్థ ముద్రలోనూ వాడుకుంది. నగరం లాంఛనాల తగాదాలు తీర్చే కోర్ట్ ఆఫ్ షివల్రీకి వెళ్లింది. 1737 తర్వాత ఆ కోర్టు కూర్చోవడం అదే మొదటిసారి. నగరమే గెలిచింది. స్కాట్లండ్‌లో ఇంకా గట్టిగా ఉంటుంది. అక్కడ లార్డ్ లయన్ అనే అధికారి ఉంటాడు, అనుమతి లేకుండా లాంఛనం వాడటం నేరం.

కాబట్టి సంఘం బ్యానరుకో, టీషర్టుకో కావాలంటే ఏ కార్యక్రమం, ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు అని రాసి ముందే అడగండి. ఇవ్వకపోతే అందులోని ఒక విడి గుర్తును, తేనెటీగనో గులాబీనో, మీ సొంత తీరులో గీయించుకోండి.

చివరగా, పిల్లల చేత గీయించండి

మీరు సరిగా చదివారో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. మా ఆదివారం తెలుగు బడిలో నేను ఆక్స్‌ఫర్డ్ వర్ణనను తెలుగులో చదివి వినిపించాను, బొమ్మ చూపించలేదు. పదకొండుమంది పిల్లలు, పదకొండు ఎద్దులు. ఒకటి ఒంగోలు ఎద్దులా మూపురంతో ఉంది. ఒకదాని మెడలో గంటలు ఉన్నాయి. ఒక పాప రేవులో చేపలు కూడా వేసింది. మూపురం తప్పు కాదు, ఎద్దు ఎద్దే. గంటలూ చేపలూ మాత్రం వర్ణనలో లేవు కాబట్టి చెరిపించాను. కొమ్ములకి బంగారు రంగు మరిచినవాళ్లు ఇద్దరు.

ఇక ఏ వైపు తిరిగి నడుస్తోందో చూశాం. వర్ణనలో ప్రత్యేకంగా చెప్పకపోతే జంతువు డెక్స్టర్ వైపే, అంటే చూసే మనకి ఎడమవైపే తిరిగి ఉండాలి. నలుగురి ఎద్దులు ఎదురు దిక్కుకి పోతున్నాయి. వాళ్లే కాగితాన్ని కిటికీ అద్దానికి వెనక్కి తిప్పి ఆనించి, వెలుతురులో కనిపించిన ఎద్దు మీద మళ్లీ గీసుకున్నారు.